వదులు దూది

పరుపుల వ్యాపారం కొత్త షాపుకి మారిన రోజు నుంచీ చిన్నకోడలి ముఖం వాడిపోయింది. రాతి పలకల నేల, నున్నటి గోడలు, పైన సిమెంటు కప్పు. ఎవరు నోరు విప్పినా ఆ మాట గోడలన్నీ చుట్టి వచ్చి తర్వాతి మాట మీద పడుతోంది. మంచి చెవులున్నవాళ్లకే చిరాకు. చెవిమిషన్ పెట్టుకున్న ఆ పిల్లకి అంతా కలగాపులగం. పరుపుల కొలతలు కూడా తప్పు రాసుకుంది.

"అక్కా, రేపట్నుంచి నేను రాను. బేరాలు నువ్వే చూసుకో" అంది.

పెద్దకోడలు కుడుతున్న పరుపు పక్కన పెట్టింది. కుట్టుపని తనదే గానీ, కొనేవాళ్లతో మాట కలపడం తోడికోడలి విద్య. పైగా ఇంట్లో కూర్చుంటే ఆ పిల్ల మళ్లీ మునుపట్లా ఎవరితోనూ మాట్లాడకుండా ముడుచుకుపోతుందని భయం.

"కాస్త ఆగు. దూది చప్పుణ్ణి మింగుతుంది. గోడలకీ పరుపులు వేస్తా."

"గోడలు పడుకుంటాయా వదినా?" అని నవ్వాడు మరిది. నవ్వుతూనే చెక్క చట్రాలు చేసిచ్చాడు.

ఆవిడ కుట్టిన పరుపులో వేలు దిగదని పేరు. గోడల దగ్గర మాత్రం ఆ పేరెందుకు పోగొట్టుకుంటుంది? దూది కుక్కి కుక్కి, దుమ్ము పట్టకుండా పైన రెక్సిన్ లాగి బిగించి, చట్రాలను గోడకి ఆనించి మేకులు కొట్టించింది. మోత మోతలాగే ఉంది.

"గోడలకి కోటు బాగా కుదిరింది వదినా!"

"నువ్వు నోరు మూస్తే సగం మోత తగ్గుతుంది" అని కసిరింది.

చిన్నకోడలు సంచి భుజానికి తగిలించుకుని బయల్దేరింది. తలుపు పక్క ఆఖరి చట్రం దగ్గరికొచ్చి ఆగిపోయింది. సరుకు చాలక అందులో ఉన్న కాస్త దూదినీ వదులుగా పరిచి, పలచటి పాత గుడ్డ కప్పారు. వెనక కరెంటు పైపు అడ్డం రావడంతో అది గోడకి బెత్తెడు ఎడంగా ఉండిపోయింది.

"అక్కా, ఏదైనా మాట్లాడు."

"ఏం మాట్లాడను, నా తలకాయ!"

"ఇక్కడ నీ మాట కాస్త విడివిడిగా తెలుస్తోంది!"

పెద్దకోడలు ఆ గుడ్డకి నోరు ఆనించి ఊదింది. గాలి లోపలికి పోయింది. రెక్సిన్ మీద ఊదితే తిరిగొచ్చి మొహానికే కొట్టింది. గాలే దూరని చోట చప్పుడెలా దూరుతుంది? ఇంత కష్టపడీ తను గోడ మీద ఇంకో గోడ కట్టింది!

సొంత కుట్లు తన చేత్తోనే విప్పుకోవడం ఆవిడకి ప్రాణం పోయినంత పనైంది. అయినా విప్పింది. దూది మళ్లీ ఏకి, వదులుగా నింపి, పలచటి గుడ్డ కప్పింది. మరిది చట్రాలన్నిటినీ గోడకి ఎడంగా బిగించాడు. వదులుగా నింపగా మిగిలిన దూదితో ఇంకొన్ని చేసి కప్పు నుంచి వేలాడదీశారు.

మర్నాడు షాపు నిండా జనం. చిన్నకోడలు బల్ల దగ్గర నిలబడింది. పెద్దకోడలి చేతిలో సూది కదలడం లేదు.

"ఎక్కువ చెప్తుంది గానీ, సగానికి అడుగు" అని ఒకావిడ మొగుడి దగ్గర గొణిగింది.

"సగం ధరకి సగం పరుపే వస్తుందండీ. కాళ్లు నేల మీద పెట్టుకుని పడుకోవాలి మరి!" అంది చిన్నకోడలు వెంటనే.

అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వు గోడలకి తగిలి మోగలేదు, మెత్తగా అణిగిపోయింది. పెద్దకోడలు మళ్లీ కుట్టులో పడింది.