కొబ్బరినూనె రాయించుకున్న గుడారం గొట్టం

నేను ఒక గుడారం గొట్టాన్నండి. ఒళ్లంతా అల్యూమినియం. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టేవాళ్లు చలిగాలికి అడ్డంగా చిన్న గుడారం వేసుకుంటారు చూడండి, దానికున్న నాలుగు మూలల్లో ఒక మూల నాది. నా లోపల ఇంకో సన్న గొట్టం ఉంటుంది. లాగితే బయటికొచ్చి టక్కున బిగుస్తుంది. నా బతుకంతా ఆ టక్కే.

కెనడాలో ఓ ఫ్యాక్టరీలో పుట్టాను. కోసి, గీకి, సంచిలో కుక్కుతుంటే ఏ పెళ్లిపందిట్లోనో నిలబెడతారనుకున్నాను. తీరా చూస్తే నీళ్ల మీద నిలబెట్టారు! రాయిలా గడ్డకట్టిన నీళ్లు. వాటికి బెజ్జం కొట్టి, అందులోకి గేలం వదిలి, ముక్కులు ఎర్రగా చేసుకుని మనుషులు గంటలకొద్దీ కూర్చుంటారు. అదే ఊళ్లో చేపల కొట్టుందండీ. ఆ విచిత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

మొదట నన్ను కొన్నది ఓ తెల్లాయన. ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి గాని సంచిలో పెట్టేవాడు కాదు. మోకాళ్లు పట్టేశాక నన్ను నూకరాజుకి అమ్మేస్తూ అదే చెప్పాడు, పొడిగా ఉంచు చాలని.

నూకరాజు భీమిలి దగ్గర పడవల్లో పెరిగిన మనిషి. ఇక్కడ చేపల ఫ్యాక్టరీలో పని. ఒట్టి గుడ్డతో తుడిచి ఊరుకోవడానికి అతనికి మనసొప్పలేదు. వాళ్ల నాన్న ఏటా పడవని ఒడ్డుకి లాగి చెక్కంతా చేపనూనె పట్టించేవాడట. నీళ్లకెళ్లే వస్తువుకి నూనె పెట్టకపోతే ఎలాగని ఇతని బాధ. ఇంట్లో ఆ కంపు వద్దని భార్య పైడితల్లి ముందే చెప్పేసింది. అంచేత ఆవిడ చూడకుండా ఆవిడ కొబ్బరినూనె సీసానే వేడినీళ్లలో పెట్టి కరిగించి, నాకు లోపలా బయటా పట్టించాడు. బొట్టు కూడా పెట్టాడండి. హీటరు పక్కన నేను జర్రున జారుతుంటే మురిసిపోయాడు. సీసా నాతోనే ఖాళీ అయిపోయింది. మిగతా మూడు మూలల గొట్టాలు, నా తమ్ముళ్లు, కుళ్లుకు చచ్చారు.

ఆ ఆదివారం పైడితల్లిని మొదటిసారి మంచు మీదకి తీసుకొచ్చాడు. కారు ఒడ్డున పెట్టి, సామాను బండి మంచు మీద ఈడ్చుకుంటూ చాలా దూరం వచ్చారు. గుడారం విప్పుతుండగా గాలి లేచింది. మంచుపొడి కమ్మేసి ఒడ్డు కనబడకుండా పోయింది. ఎటు నడవాలో తెలీదు. గుడారం నిలబడితేనే లోపల స్టవ్వు వెలుగుతుంది, మనుషులు మిగులుతారు.

తమ్ముళ్లు ముగ్గురూ టక్ టక్ మని నిలబడ్డారు. నేను కదల్లేదు. నూకరాజు మోకాళ్ల మధ్య ఇరికించుకుని లాగాడు. ఊహూ. నన్నెవరో లోపల్నించి పట్టేసుకున్నట్టుంది. ఏమైందో నాకే అంతుపట్టలేదు. నేను లేవక ఆ మూల గుడ్డ టపటపా కొట్టుకుంటోంది, గుడారం మొత్తం ఎగిరిపోయేలా ఉంది. గ్లవ్సుతో పట్టు దొరక్క పైడితల్లి వాటిని తీసేసి ఒట్టి చేతుల్తో లాగింది. చూస్తుండగానే ఆవిడ వేళ్ల చివర్లు కొవ్వొత్తుల్లా తెల్లబడ్డాయి. నూకరాజు మొహం అంతకంటే తెల్లబడింది.

ఆవిడ అరచేయి వాసన చూసుకుంది.

"మావా, నా తలనూనె దీనికి రాసావేటి?"

అతను తల వంచుకుని నన్ను ఇంకోసారి లాగాడు.

"ఇంట్లోనే వేడినీళ్లలో ఎడితే గాని కరగదు కదా అది. ఈ మంచులో ఏటవుద్దనుకున్నావు?"

ఆవిడ ఫ్లాస్కు మూత తీసి, అన్నంలోకని తెచ్చిన వేడివేడి చారు నా నెత్తిన పోసేసింది. నా జన్మలో అలాంటి స్నానం ఎరగను! లోపల బిగుసుకున్న నూనె కరిగి వదిలింది. అతను లాగాడు. టక్.

గుడారం లేచింది, స్టవ్వు వెలిగింది. నూకరాజు ఆవిడ చేతులు తన చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"తిట్టవే పైడీ," అన్నాడు.

"వేలు సూపించి తిట్టాలి కదా మావా. ముందు వేళ్లు రానీ."

గాలి తగ్గేసరికి చారు నా మీదే గడ్డకట్టింది. నేను మళ్లీ లోపలికి ముడుచుకోలేదు. కారు కిటికీలోంచి తల బయటపెట్టి, కరివేపాకు అంటించుకుని ఊళ్లోకి వచ్చాను. దారిలో జనం ఎలా చూశారో అడక్కండి.

ఆవిడ వేళ్లన్నీ కోలుకున్నాయి గాని, కుడి చూపుడువేలి చివర ఇప్పటికీ స్పర్శ లేదు. నేనూ కాస్త వంగాను. ఇప్పుడు ఇంటికొస్తే నూకరాజు పొడిగుడ్డే పడతాడు. కాకపోతే ముందు ఆవిడ చెయ్యి దీపం కిందకి లాక్కుని ఒక్కో వేలూ నొక్కి చూస్తాడు. నేను పక్కన నీళ్లు కారుతూ ఆగుతాను. నా వంతు తర్వాతే.