బతికున్న పేర్ల మీద పడ్డ ముద్ర

నేను ఒక రబ్బరు స్టాంపును. నా ముఖాన ఉన్నది ఒక్కటే మాట: ‘తొలగించడమైనది’. బస్టాండు పక్క దుకాణంలో ఒక ముసలాయన అక్షరాలను తిరగేసి కోసి, చెక్కపిడికి అంటించి, కాగితం మీద అద్ది చూసి, “బాగా పడింది” అన్నాడు. ఆ మెప్పుకు పొంగిపోయాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

నన్ను కొన్నది తహసీల్దారు కార్యాలయంలో ఓటర్ల జాబితా చూసే గుమాస్తా శేషశయనం. ఆయన చెడ్డవాడు కాదు. చనిపోయినవారి పేర్ల మీద నన్ను వేసే ముందు ఒక్క క్షణం ఆగేవాడు. గిడ్డయ్య పేరు దగ్గర మాత్రం ఆగలేదు. పొలం గట్టు తగాదాలో దాయాదిని కట్టెతో కొడితే అతను చనిపోయాడు. గిడ్డయ్యకు ఏడేళ్ల శిక్ష పడింది. “ఖూనీ చేసినోనికి ఓటేంది?” అంటూ శేషశయనం నన్ను గట్టిగా అదిమాడు. చట్టం ఏమంటుందో చూడలేదు. నేనూ అక్షరం చెదరకుండా పడ్డాను.

గిడ్డయ్య విడుదలయ్యాక రెండు ఎన్నికలు గడిచిపోయాయి. ఒక మధ్యాహ్నం అంగన్‌వాడీ టీచరు మాబున్ని అతన్ని వెంటబెట్టుకుని మా బల్ల ముందుకు వచ్చింది. వాళ్ల ఊళ్లో ఇంటింటికీ తిరిగి ఓటర్ల పేర్లు సరిచూసే పని కూడా ఆమెదే.

“సార్, ఈయన పేరు ల్యాదు. మళ్లా ఎక్కించల్ల.”

“జైలుకు పోయొచ్చిన మనిషి కదమ్మా?”

గిడ్డయ్య తల ఎత్తలేదు. “నాకొద్దని చెప్తానే ఉండా టీచరమ్మా. ఓట్ల దినం పొద్దన్నే గొర్లు తోలుకొని కొండెక్కుతా, మాపటికి గానీ దిగను. మొన్న నా మనవరాలు అడిగింది, జేజినాయనా, నీ ఏలుకు సిరా సుక్క ఏదని. ఏం చెప్పల్ల దానికి? ఒక మనిషి పానం తీసినోన్ని. ఓటు కావల్లని అడిగే మొగం నాకు ల్యాదు.”

మాబున్ని సంచిలోంచి తమ శిక్షణ పుస్తకం తీసింది. “సదవండి సార్. లోపలున్నన్నాళ్లే ఓటెయ్యకూడదు. పేరు కొట్టెయ్యమని యాడా ల్యాదు. శిక్ష అయిపోయిన మనిషికి మనం ఇంగో శిక్ష ఎట్లేస్తాం?”

శేషశయనం చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. పాత జాబితా తెప్పించాడు. నా ముద్ర ఇంకా ఎర్రగానే ఉంది. దాని కింద గిడ్డయ్య పేరు కనబడీ కనబడకుండా ఉంది.

“ఇది నేను కొట్టిందే గిడ్డయ్యా. చూసుకోకుండా కొట్టినాను. తప్పు నాది.”

గిడ్డయ్య అప్పుడు తల ఎత్తాడు. తన ముందు ఇంకొకరు తల దించుకోవడం అతనికి కొత్త. దరఖాస్తు మీద వేలిముద్ర వేశాడు. ఆ ఏడాది ఎన్నికల్లో తెల్లవారకముందే వరసలో నిలబడ్డాడని తర్వాత మాబున్ని చెప్పింది.

శేషశయనం అంతటితో ఊరుకోలేదు. జైలుకు వెళ్లారని తాను కొట్టేసిన పేర్లన్నీ ఏరి, వాళ్ల ఇళ్లకు మనుషులను పంపాడు. ఒక్కొక్కరే వచ్చి దరఖాస్తులు ఇచ్చారు. ఆ పేర్లలోనే ఉన్న సుంకులమ్మ రాలేదు, ఆమె కొడుకు వచ్చాడు. విడుదలయ్యాక ఆమె పదకొండేళ్లు బతికిందట. ప్రతి ఎన్నికకూ ఓట్లు వేసే బడి దాకా వెళ్లి, పేరు లేదంటే మారుమాట లేకుండా తిరిగొచ్చేదట. ఆఫీసు నుంచి మనిషి ఎందుకొచ్చాడో కొడుక్కి సరిగా అర్థం కాలేదు. మరణ పత్రం బల్ల మీద పెట్టాడు.

“మాయమ్మ పోయింది సార్. ఇంగ పేరు తీసెయ్యండి.”

శేషశయనం నన్ను చేతిలోకి తీసుకోలేదు. తీయడానికి అక్కడ పేరు లేదు.