అయిదింటి బండి

తలుపు కొట్టాక బెల్లాకి అనిపించింది, వెనక్కి తిరిగి వెళ్ళిపోతే బాగుండునని. అరవై రెండేళ్ళ మనిషి. ముప్ఫై ఏళ్ళు లండన్‌లో వేలమంది జనాన్ని తన గొంతుతో ఏ ప్లాట్‌ఫారానికి చెబితే ఆ ప్లాట్‌ఫారానికి నడిపించిన మనిషి. ఇప్పుడు పుట్టిన వీధిలో, పుట్టిన ఇంటి గుమ్మం ముందు నిలబడితే ఆమె నాలుక పిడచకట్టుకుపోయింది.

లోపల చేతికర్ర చప్పుడైంది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"ఎవులూ?"

"అక్కా, నేను. ఇసబెల్‌ని."

గడియారం టిక్కుటిక్కుమనడం తలుపులోంచి తెలుస్తోంది. అదే పాత గోడగడియారం.

"ఇసబెల్లంటే నాకెవులూ తెల్దమ్మా. ఇల్లు తప్పినట్టున్నావు."

"అక్కా, నేను..."

"సెప్పినాను గదా మేడమ్. ఇల్లు తప్పినావు."

చేతికర్ర వెనక్కి వెళ్ళిపోయింది. ఎదురింటి కిటికీ తెర కదిలింది. బెల్లా గొడుగు మడుచుకుని బస్సెక్కింది. నాలుగు మైళ్ళ దూరంలో, సముద్రం పక్కన అద్దెకు తీసుకున్న గదికి చేరేదాకా ఆమె చెవిలో ఒకటే మాట. 'మేడమ్.' ఆ మాట ఎక్కడిదో ఆమెకి తెలుసు. ఇరవై ఏడేళ్ళ కిందట తను ఇచ్చిందే.

వాళ్ళ ఊరు హెసెల్‌వర్త్‌లో బొగ్గుగని పనివాళ్ళ పిల్లలు పద్నాలుగేళ్ళకి బడి మానేసేవారు. అక్క థర్జా కూడా అలాగే మానేసి బట్టలుతికే దుకాణంలో ఆవిరి మధ్య పనికి చేరింది. నాలుగేళ్ళు చిన్నదైన బెల్లా, అక్కని ఊరి మాటలో "అప్పా, అప్పా" అంటూ ఆమె గౌను పట్టుకు తిరిగేది. అలాంటి బెల్లాకి పట్నంలో పెద్ద బడిలో సీటొచ్చింది. ఆ బడికి వేసుకోవాల్సిన కోటూ టోపీ థర్జా చేతులు కాల్చుకుని కొన్నవే. అక్కడ మొదటిరోజే బెల్లా నోరు తెరవగానే క్లాసంతా ఘొల్లుమంది. పంతులమ్మ నవ్వలేదు. ఇంకా ఘోరం చేసింది, జాలిపడింది. పళ్ళమధ్య సీసా బిరడా పెట్టించి, అద్దం ముందు నిలబెట్టి, రెండేళ్ళలో ఆ పిల్ల నోట్లోంచి ఊరిని పూర్తిగా తోమేసింది.

ఇంగ్లండులో మనుషులకి ఇదొక రోగం. ఎదుటివాడు రెండు ముక్కలు మాట్లాడితే చాలు, వాడి తండ్రి చొక్కా ఏ రంగో, వాడింట్లో మరుగుదొడ్డి లోపలుందో పెరట్లో ఉందో చెప్పేస్తారు. ఆ తర్వాత వాడు ఎంత మంచి మాట చెప్పినా వినరు. బెల్లా ఆ రోగానికి భయపడింది. భయపడడం తప్పని నేననను. సెలవులకి ఇంటికొస్తే మాత్రం వీధిలో ఆడపిల్లలు "దొరసాని వొచ్చినాది రోయ్, కుర్సీ తుడవండి" అని వెనకపడేవారు. అక్కడా నవ్వులే, ఇక్కడా నవ్వులే. అందుకని ఎక్కడ ఉద్యోగం దొరికితే అక్కడికి వెళ్ళిపోయింది.

దొరికింది లండన్లో, ఉత్తరాది రైలుబళ్ళు బయలుదేరే పెద్ద స్టేషన్లో. బళ్ళని పిలిచే గదిలో మైకు ముందు కూర్చునే ఉద్యోగం. రోజూ సాయంత్రం అయిదింటి బండిని పిలిచేది ఆమే. దారిలోని ఊళ్ళన్నీ ఒక్కొక్కటే చదివి, చివర్న తన ఊరి పేరు కూడా చదవాలి. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి ప్రతిరోజూ గొంతు కాస్త ఆగేది. పక్కవాళ్ళు అది స్టైలనుకునేవారు.

పందొమ్మిదివందల అరవై ఒకటి నవంబరులో ఒక మధ్యాహ్నం ఆ గదిలో ఫోను మోగింది. ఎత్తినమ్మాయి కాసేపు విని, ఫోనుని చేత్తో మూసి, కళ్ళు పెద్దవి చేసింది.

"ఇసబెల్, నీకట. మనిషో మేకో తెలియడం లేదు. గని అడుగునుంచి మాట్లాడుతున్నట్టుంది." అని ఆ యాసని రెండు ముక్కలు అనుకరించింది కూడా. గదిలో నలుగురూ పగలబడి నవ్వారు.

బెల్లా ఫోనందుకుంది.

"ఎవరు కావాలి మేడమ్?"

"బెల్లా! నానే, తర్జాని. అమ్మకి బాగోలేదే. వీధి సివర ఫోను పెట్టెలోంచి సేస్తన్నాను, సిల్లర అయిపోతాది. ఒకపాలి..."

నలుగురూ తననే చూస్తున్నారు.

"క్షమించండి మేడమ్. నంబరు తప్పు." అని పెట్టేసింది.

సాయంత్రం డ్యూటీ అవగానే బయటికొచ్చి ఊరి పోస్టాఫీసుకి తంతి పంపింది. జవాబుగా వచ్చింది అమ్మ చావుకబురు. అంత్యక్రియలకి వెళ్తే థర్జా ఆమెకేసి చూడనైనా లేదు. ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కీ బెల్లా కార్డు పంపేది. ఒక్కదానికీ జవాబు రాలేదు. తన లండన్ మాట విన్నందుకే అక్కకి అసహ్యం పుట్టిందని, తను ఊరిని అమ్ముకుందని అక్క అనుకుంటోందని, బెల్లా ఇరవై ఏడేళ్ళూ నమ్మింది. అందుకే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, థర్జాకి చక్కెరజబ్బుతో చూపు పోయిందని చుట్టం ఒకావిడ రాస్తే, ఉన్నపళంగా మూటాముల్లె సర్దుకుని ఉత్తరానికి వచ్చేసింది. అక్క చేత ఒక్కసారి 'బెల్లా' అనిపించుకోవాలి. ఆమెకి కావలసింది అంతే.

గుమ్మం దగ్గర అది జరగలేదు. రెండో దారి ఊరి అవతలి కొసనున్న ప్రార్థనమందిరం వెనక గదిలో దొరికింది. చూపులేనివాళ్ళ కోసం అక్కడ ప్రతి గురువారం ఊరిపేపరు చదివి క్యాసెట్లలో ఎక్కిస్తారు. వాటిని పసుపుపచ్చ సంచుల్లో పెట్టి పోస్టులో ఇంటింటికీ పంపుతారు. విన్నవాళ్ళు సంచీ మీది చీటీ తిరగేసి, మళ్ళీ పోస్టులో వేస్తారు. తిరిగొచ్చిన క్యాసెట్లని బుధవారం చెరిపి, మళ్ళీ కొత్త పేపరు ఎక్కిస్తారు. నలభై ఒకటో నంబరు సంచీ థర్జాది. ఆ చిరునామా చూడగానే బెల్లా చదవడానికి పేరిచ్చేసింది.

అక్కడ రికార్డింగు మిషను చూసుకునేది నార్మన్. బొగ్గుధూళికి ఊపిరితిత్తులు సగం పోగొట్టుకున్న పాత గనిమనిషి. మాట్లాడితే ఎగశ్వాస, అయినా మాట్లాడక మానడు. మొదటి వారం బెల్లా చావులూ పెళ్ళిళ్ళూ, పెరటి ఉల్లికాడల పోటీలో ఎవరి కాడ ఎంత లావో, తనకొచ్చిన స్టేషన్ గొంతుతో చదివింది.

"అమ్మగారూ," అన్నాడు నార్మన్ మిషనాపి, "మా బావ ఉల్లికాడకి ఇంత మర్యాద ఎప్పుడూ జరగలేదు. రాణిగారే కొలిసినట్టున్నాది."

బెల్లా నవ్వింది గానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. అక్క ఈ గొంతే వింటుంది. ఈ గొంతుకే తలుపు మూసింది. మర్నాటినుంచి తన గదిలో అద్దం పెట్టుకుని సాధన మొదలుపెట్టింది. ఎప్పుడో బిరడా పెట్టుకుని తోమేసిన మాటని మళ్ళీ నాలుకమీదకి ఎక్కించాలి. అమ్మ ఎలా అనేది, అయ్య స్నానం చేస్తూ ఎలా కేకేసేవాడు, అన్నీ గుర్తున్నాయి. చెవిలో ఉన్నవి నోట్లోకి రావడం లేదు. వచ్చినవాటికి కీలు ఊడిపోయింది. అద్దంలో ముసలమ్మని చూసి ఆమెకి ఏడుపొచ్చింది. పోగొట్టుకున్నది ఎక్కడ పోయిందో తెలిసి కూడా తెచ్చుకోలేకపోవడం ఎంత బాధో ఆమెని అడగాలి.

మరుసటి గురువారం పేపరంతా ఆ మాటలోనే చదివింది. నార్మన్ ఏదో అనబోయి దగ్గుతో సరిపెట్టుకున్నాడు.

బుధవారానికల్లా సంచులు తిరిగొచ్చాయి. వాటిలో చీటీలు. చూపున్న పిల్లలచేతో పక్కింటివాళ్ళచేతో రాయించినవి. నార్మన్ ఒక్కొక్కటే మడత విప్పి, చదవడానికి మొహమాటపడ్డాడు.

"చదవండి. నాకేం ఫర్వాలేదు."

"ఒకాయనేమో, 'ఆ యమ్మ ఎవులు, మనల్ని ఎక్కిరిస్తంది' అంతన్నాడు. ఇంకొకావిడ, 'లండన్నుంచి నాటకపోల్లని తెచ్చీసినారేటి' అంతంది. ఇదిగో, ఇది మరీ మోటుగా ఉన్నాది. ఇది వొద్దులే." అంటూ చీటీ జేబులో వేసుకున్నాడు. "తప్పుగా అనుకోకండమ్మగారూ. మావోలు ఇన్నాల్లూ టీవీల్లో, ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో ఈ ఎక్కిరింపే పడ్డారు. ఆల్లకి అదే గుర్తొచ్చీసుంటాది."

"నేనూ ఈ ఊళ్ళోనే పుట్టాను నార్మన్."

ఆమె ఎప్పుడూ ఎవరికీ చెప్పుకోనిది అలా పైకి వచ్చేసింది. నార్మన్ ఆశ్చర్యపోలేదు.

"తెల్సు. నలభై ఒకటో నంబరు సంచీలోంచి తెల్సింది. దాన్ని నాను సెరపలేదు." అని ఒక క్యాసెట్టు మిషన్లో పెట్టి, ఆమెకి హెడ్‌ఫోను అందించి, టీ పెట్టే వంకతో బయటికి వెళ్ళిపోయాడు.

మొదట గరగర. తర్వాత చేతికర్ర ఎక్కడో ఆనించిన చప్పుడు. తర్వాత థర్జా.

"ఇది తిరుగుతోందో లేదో తెల్దు. పక్కింటి గుంట ఎర్రబొత్తాం నొక్కమన్నాది, నొక్కినాను. బెల్లా. ఇంటన్నావేటి? నువ్వని నాకు గుమ్మంకాడే తెల్సు. నువ్వు ఊపిరి పీల్సినపుడే తెల్సు. కళ్ళు పోనాయి గానీ సెవులు పోలేదే.

"ఈ వారం ఎందుకలాగ మాటాడినావు? ఎవులడిగినారు నిన్ను? నువ్వు దొరసాని మాట మాటాడతన్నావని నాకు కోపమనుకున్నావా, ఎర్రిగుంటా? పక్కింటి జోసెఫ్ లండనెల్లొచ్చి, స్టేసన్లో నీ గొంతుతో మనూరి పేరు ఇన్నానని సెప్పినాడు. అప్పట్నించి అమ్మ రోజూ అయిదు కొట్టీసరికి పొయ్యికాడ కుర్సీలో కూకుని, 'ఉస్స్! మాటాడకండి. మా బెల్లా బండిని పిలుస్తంది' అనీది. అయ్య కూడా సెంచా కింద పెట్టీసీవోడు. ఆ మాట కోసమే గదే నాను సేతులు కాల్సుకున్నాను!

"ఆ దినం నాను ఫోను సేసింది నిన్ను రమ్మనడానిక్కాదు. రాలేవని తెల్సు. అమ్మ అడిగినాది. 'బండినెలాగ పిలుస్తాదో ఒకపాలి ఇనొచ్చి నాకు సెప్పవే' అన్నాది. వానలో పెట్టెకాడికి పరిగెట్టినాను. నువ్వు నంబరు తప్పన్నావు. ఇంటికొచ్చి అమ్మకేటి సెప్పీది? బాగా పిలిసినాదని సెప్పినాను. నాకొచ్చిన దొరసాని మాటల్లో పిలిసి సూపించినాను. అమ్మ నవ్వినాది. అదే ఆకరు నవ్వు. అది నీది బెల్లా. నాకొచ్చినాది."

తర్వాత గరగర. ఆ తర్వాత, కిందటి వారం పేపరు చదువుతున్న బెల్లా గొంతే మిగిలింది.

నార్మన్ టీ తెచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. బస్సు కోసం ఆగక, ఊరి ఆ కొసనుంచి ఆమె నడిచే వెళ్ళింది. మూసేసిన గని గేటు దాటి, పట్టాలు పీకేసిన పాత రైలుకట్ట దాటి ఆ గుమ్మం ముందుకి వచ్చేసరికి అయిదు కావస్తోంది. తలుపు కొట్టలేదు. మొహమాటపడలేదు. వీధిలో అందరూ వింటారని కూడా అనుకోలేదు. వీపు నిటారు చేసి, ముప్ఫై ఏళ్ళు పిలిచిన గొంతుతో మొదలుపెట్టింది.

"ఉత్తర దిశగా వెళ్ళు అయిదు గంటల బండి నాలుగవ నంబరు ప్లాట్‌ఫారముపై బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. పీటర్‌బరో, గ్రాంథమ్, డాన్‌కాస్టర్, యార్క్, డార్లింగ్టన్, డర్హమ్. హెసెల్‌వర్త్..."

ఎప్పటిలాగే అక్కడ గొంతు ఆగింది. కానీ ఈసారి మళ్ళీ ఎత్తుకోలేకపోయింది. తలుపుకి నుదురు ఆనించింది.

"అప్పా, నువ్వేనని నాకు తెల్సే. మొదటి మాటకే తెల్సు. ఆల్లు నవ్వుతన్నారే... సిగ్గేసినాది. నిన్ను తెల్దన్నాను. అమ్మ సచ్చిపోనాది. నంబరు తప్పు కాదప్పా. తప్పు నాదే."

లోపల కర్ర చప్పుడు దగ్గరికొచ్చింది. గడియ తీసిన శబ్దం. తలుపు సందులో థర్జా, అమ్మ ముఖమే పెట్టుకుని, ఎటో చూస్తూ నిలబడి ఉంది.

"ఎదురింటోలందరూ ఇన్నారు," అంది. "ఇనాల్సినోల్లకి ఇనబడలేదు. లోపలికి రా, బెల్లా."

పొయ్యి పక్కన అమ్మ కుర్చీ అలాగే ఉంది. గుడ్డ మార్చారు, అంతే. గోడగడియారం రెండు నిమిషాలు ఆలస్యం. అది ఇప్పుడు గర్‌మని, అయిదు కొట్టడం మొదలుపెట్టింది. థర్జా తడుముకుంటూ వెళ్ళి ఆ ఖాళీ కుర్చీ చేతిమీద చెయ్యి వేసి, అయిదో గంట ఆగేదాకా ఉంది.

"ఉస్స్!" అంది. "మాటాడకండి. మా బెల్లా బండిని పిలుస్తంది."

బెల్లా కళ్ళు తుడుచుకుని, మొదటినుంచి అందుకుంది.