కడగని ఉన్ని

అన్యాయం ఎవరికి జరిగింది? గొర్రెల ఫారంలో ఇరవై ఏళ్లు పనిచేసిన కాపరికి. ఎలా జరిగింది? సొంత చెల్లెలు పెట్టిన సంతకంతో.

ఆరేళ్ల క్రితం ఫారంలో పుట్టిన గొర్రెపిల్లలు వెనక కాళ్లు ఈడ్చాయి. రాగి లోపమేమోనని తల్లుల ఉన్నిని ప్రయోగశాలకు పంపారు. అక్కడ పరీక్షలు చేసే చెల్లెలు రాగి పుష్కలంగా ఉందని రాసిచ్చింది. మేతలో లోపం లేదన్నాక నింద మోయడానికి కాపరి కర్ర ఒక్కటే మిగిలింది. చూలు గొర్రెలను కొట్టాడని పదిమంది ముందు అతణ్ణి గెంటేశారు. ఆమెను చదివించినవాడు ఆ అన్నే. ఆనాటి నుంచి అతడు ఆమె ఇంటి గడప తొక్కలేదు.

ఈ ఏడు మళ్లీ పిల్లలు కాళ్లీడ్చాయి. మళ్లీ ఉన్ని వచ్చింది. పొట్లం విప్పగానే ఆమె వేళ్లకు నీలిపొడి అంటింది. గిట్టలు కుళ్లకుండా గొర్రెలను మైలుతుత్తం నీళ్లలో నడిపిస్తారు. మైలుతుత్తంలో ఉండేది రాగే. ఉన్ని కత్తిరించింది పొట్ట కింద, ఆ నీళ్లు చిందేచోట. ఆమె ఆరేళ్ల నాటి రిజిస్టరు తెరిచింది. ‘కడిగినది’ అన్న గడి ఖాళీగా ఉంది.

నియమం ప్రకారం దాచిన పాత ఉన్ని బీరువాలోనే ఉంది. సగం కడిగి ఆరబెట్టింది. ఖర్చు తగ్గించాలని గొర్రెల మేతలో కలిపే ఉప్పుమిశ్రమంలో రాగి మానిపించిన ఫారం మేనేజరు, ఫలితం కోసం వచ్చి ఎదుటే కూర్చుని, పాత కాగితం తిరగదోడితే ఆమె ఉద్యోగమే ఊడుతుందని నచ్చజెప్పాడు.

“ఆరేళ్ల ఉన్నికి ఇప్పుడు తలంటు ఎందుకు మేడమ్?”

“అప్పుడు పొయ్యలేదు కాబట్టి.”

రాగి కొలిచే యంత్రం ఆగింది. ఇద్దరూ ఒకేసారి వంగి చూశారు. కడగని ఉన్నిలో రాగి పది లక్షలకు పదకొండు పాళ్లు. కడిగినదానిలో రెండు. నాలుగుకు తగ్గితే లోపమే.

కొత్త నివేదిక పట్టుకుని ఆమె అన్న ఇంటికి వెళ్లింది. అతడు కాగితం అందుకోలేదు.

“నాకెందుకే చదవడం? నన్ను గెంటుతుంటే చూశారే, వాళ్లకు చదువు.”

మర్నాడు ఉన్ని కత్తిరించే పాకలో పనివాళ్లందరూ కత్తెరలు ఆపారు. మేనేజరు గోడకానుకుని నిలబడ్డాడు. ఆమె తలొంచుకుని లోగొంతుకతో నివేదిక చదివింది.

“వెనకవాళ్లకు వినపడలేదు,” అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ అన్న.

ఆమె మొదటి నుంచి చదివింది. “ఉన్ని కడగకుండా పరీక్షించాను. తప్పు కాపరిది కాదు. నాది.”

అతడు అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూశాడు. ఎవరూ కళ్లెత్తలేదు.

“ఇక బాకీ లేదు,” అన్నాడు. “పద, మీ ఇంట్లో కాసిని మంచినీళ్లు తాగి వెళ్తాను.”