పసుపు ముద్దలో పోయిన కాసు

నేను ఒక బంగారు కాసుని. ఊరి కంసాలి కొలిమిలో కాదు, సాక్షాత్తు ప్రభుత్వ టంకశాలలో పుట్టాను. ముద్ర పడ్డ రోజు నుంచీ నాకు మనుషులంటే గిట్టదు. కరిగించేదీ వాళ్ళే, కొట్టేదీ వాళ్ళే, ఆపైన నన్ను చూసి చొంగ కార్చేదీ వాళ్ళే. మేలిమికి హామీగా నన్ను ప్లాస్టిక్ అట్టలో పెట్టి సీలు వేశారు. ఆ సీలు చిరిగితే తిరిగి అమ్మేటప్పుడు పరీక్షలనీ తరుగనీ సతాయిస్తారు. అంటే నా నిజాయితీకి నేను చాలను, అట్ట కావాలి. మనుషుల తెలివి అంతవరకే.

ప్రొద్దుటూరులో బట్టల కొట్టు కోదండయ్య నన్ను కొని, భార్య సౌభాగ్యమ్మ చేతిలో పెట్టాడు. వరలక్ష్మీ వ్రతానికి ఏటా కొత్త బంగారం పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆవిడ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి కత్తెర అందుకుంది.

“చించితే విలువ పోతాది మే!” అన్నాడు కోదండయ్య.

“ప్లాస్టిక్ తొడుగుతో పెడితే అమ్మవారికి ఎట్లా చెందుతాది? మీరు గమ్మునుండండి.”

అలా సీలు తెగింది. తడి పసుపుతో గౌరమ్మను చేసి, ఆ ముద్ద నడుమ నన్ను నొక్కింది సౌభాగ్యమ్మ. పూజ అయ్యేలోగా ముత్తయిదువలు పెట్టిన పసుపూ కుంకుమా నన్ను పూర్తిగా కప్పేశాయి. మర్నాడు ఉద్వాసన చెప్పి, గౌరమ్మను నీళ్ళలో కలపాలి కదా, ముద్దను తీసుకొచ్చి పెరటి బావిలో వేసింది. అందులో నేనున్న సంగతే మరిచిపోయింది. పసుపు కరిగిపోయింది. నేను అడుగు బురదలో కూరుకుపోయాను.

మధ్యాహ్నం దాకా ఇల్లంతా గాలించారు. సాయంత్రానికి దొంగ దొరికింది. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో అంట్లు తోముతున్న గంగులమ్మ. తగువు బావిగట్టు మీదే జరిగింది కనుక ప్రతి మాటా నాకు వినబడింది.

“దేవుని గది చిమ్మింది నువ్వే గదా! మర్యాదగా ఇచ్చెయ్.”

“నా బిడ్డలమింద ఒట్టమ్మా, నేను తీయలేదు. దొంగని పేరు పడితే నన్ను ఎవురు గడప తొక్కనిస్తారమ్మా? ఇంగోసారి చూడండి.”

కొంగు దులిపించారు. గుడిసె వెదికించారు. ఆమె చెప్పినట్టే ఆ వీధిలో ఇంకే ఇల్లూ ఆమెను పనిలో పెట్టుకోలేదని నీళ్ళు తోడేవాళ్ళ మాటల్లో విన్నాను. నేనిక్కడున్నానని అరవాలనిపించింది. నోరు లేని పుట్టుక మీద నాకు ఆ రోజే అసహ్యం వేసింది.

మరుసటి శ్రావణానికి వానల్లేక బావి అడుగంటింది. సౌభాగ్యమ్మ కొత్త పసుపు ముద్దతో గట్టుకు వచ్చింది. వేయబోయి చెయ్యి ఆపేసింది. ముద్దను చూసింది. వంగి బావిలోకి చూసింది. ఆవిడకు గుర్తొచ్చింది! జన్మలో మొదటిసారి నేను మనిషిని నమ్మాను. ఇక ఎవరినో దించి నన్ను పైకి తీయిస్తుందని, గంగులమ్మను పిలిచి తప్పయిపోయిందని చెబుతుందని అనుకున్నాను.

“ఏమైందే, అట్లా నిలబడినావు?” ఇంట్లోంచి కోదండయ్య కేకేశాడు.

“ఏమీలే. ఈ బాయిలో దోమలు లేస్తాండాయి. పూడ్పిచ్చండి.”

నా ధర ఆవిడకు బాగా తెలుసు. అయినా పనిమనిషి ముందు తల దించుకోవడం కంటే నన్ను వదులుకోవడమే చవక అనుకుంది.

సోమవారం ట్రాక్టరు వచ్చింది. మొదటి రాయి పడగానే బురద చెదిరి నేను బయటపడ్డాను. కూలీ ఒకడు పార ఆపి తొంగిచూశాడు.

“అడుగున ఏందో మెరుస్తాందమ్మా, దిగి చూడాల్నా?”

“ఏమీ ల్యా,” అంది సౌభాగ్యమ్మ. “మట్టి పొయ్యి.”