ఉప్పు మంట

జాక్సన్ సోడియం దీపాన్ని తడిబట్టతో తుడిచాడు. కంచరపాలెంలోని ఆ డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో కిటికీ తెరిస్తే గంటలో నల్లధూళి పేరుకుంటుంది. దీపం కాలిపోయి మూడేళ్లయింది. ఆ మూడేళ్లలో నాలుగొందల మంది దాని వెలుగు తరంగదైర్ఘ్యం కొలిచినట్టు రికార్డులు రాశారు. అందరికీ ఒకటే వచ్చింది: 5893 ఆంగ్‌స్ట్రాములు. రీడింగుల చీటీలు పంచేది జాక్సనే. ఇరవై రెండేళ్లుగా అక్కడ అటెండరు. చీటీ ఇచ్చిన ప్రతిసారీ పాచినోటితో కాఫీ తాగినట్టుండేది.

ఇవాళ ప్రాక్టికల్స్. యశస్విని చీటీ తీసుకోలేదు.

"దీపమే ఎలగదు కదంకుల్, ఏటి రాయమంటారు?"

"అందరూ రాత్తన్నారు కదమ్మా. రాయకపోతే సున్నా ఏత్తారు."

"ఏసుకోమనండి. నాను సూడందే రాయను."

జాక్సన్ ఆ పిల్ల ముఖంకేసి చూడలేకపోయాడు. క్యాంటీన్‌కి వెళ్లి గరిటెలో రాళ్లుప్పు తెచ్చాడు. గ్యాస్ బర్నర్ మీద పెట్టాడు. ఉప్పు చిటపటమంది. నీలిమంట పసుపుపచ్చగా మారింది.

"ఉప్పులో ఉన్నదీ సోడియమే. ఎలుగు కూడా అలేనమ్మా. రేడియోకొచ్చేదీ, ఎక్స్‌రేదీ, ఇదీ ఒకటే జాతి. అలకీ అలకీ మధ్య దూరమే తేడా. ఆ దూరం కొలువు."

గూడ్సు బండి పోయినప్పుడల్లా బల్ల అదిరింది. యశస్విని ఆగి, మళ్లీ స్పెక్ట్రోమీటరు దుర్భిణికి కన్నానించింది. గంటకి లెక్క తేలింది: 5871.

లెక్చరర్ త్రినాథరావు రికార్డు చూశాడు.

"ఇదేటి? తప్పు."

"నాకొచ్చింది అదే సార్."

"నీకొచ్చేదేటమ్మా, పుస్తకంలో ఉండగా!"

ఎర్రపెన్నుతో కొట్టేసి 5893 అని తనే రాశాడు. గరిటె కేసి చూశాడు.

"ఏటి జాక్సనూ, ల్యాబా, వంటిల్లా ఇది?"

"వంటిల్లే నయం సార్. పొయ్యి ఎలిగించకండా ఉడికిందని రాయరు."

పిల్లలు నవ్వారు. త్రినాథరావు నవ్వలేదు.

మూడింటికి బయటి ఎగ్జామినర్ వచ్చాడు. సమోసా తింటూ, తెరవకుండానే రికార్డులన్నిటి అట్టల మీదా సంతకాలు చేశాడు. యశస్విని రికార్డు మీద నూనె వేలిముద్ర పడింది.

జాక్సన్ జేబులో మిగిలిన చీటీలు తీసి చింపాడు. గ్యాస్ కట్టేశాడు. తాళాలగుత్తి త్రినాథరావు ముందు పెట్టాడు. టీకి వెళ్తున్నాడనుకున్నారు. ఐదయినా రాలేదు. మర్నాడూ రాలేదు.

బర్నర్ మీద గరిటె అలాగే ఉంది. అడుగున ఉప్పు కరిగి, గడ్డకట్టి, అంటుకుపోయింది.