పంటి కోత

"ఉమ్ములో ఏ పెద్ద జబ్బో బయటపడితే ఏం చేద్దామే? అసలా గొట్టంలో ఉమ్మకుండా ఉండాల్సింది. ఊరుకున్న నోటిని కదిపి కొరివితో తల గోక్కున్నట్టయింది."

భోజనాల షెడ్డులో వరుసలో నిలబడి తల్లి ఆ మాట అనడం పొద్దుటినుంచి ఎన్నోసారో. బల్లలన్నీ గోడవారకు జరిపి దంత వైద్యకళాశాల వాళ్ళు కుర్చీలు వేసుకున్నారు. ఈ చొక్కాల కర్మాగారంలో తల్లిది మడత బల్ల దగ్గర పని. కూతురిది కాలర్లు కుట్టే మిషను.

"అప్పుడే పాడె కట్టకమ్మా. చిగుళ్ళ వాపేగా," అంది కూతురు. అంటుంటే కింది పళ్ళ మధ్య ఎర్రటి గీత కనిపించింది.

ఆ చిగుళ్ళు ఊరికే వాయలేదు. కాలరు చివర ముడి పడ్డాక మిగిలిన దారాన్ని మొదలంటా తెంపాలి. తోక మిగిలిన చొక్కా తిరిగొస్తుంది, కూలిలో కోత పడుతుంది. ఎవరో ఒకసారి పొరపాటున గుడ్డ కోసినందుకు సూపర్‌వైజరు కత్తెరలన్నీ తాళం వేసి దాచాడు. వరుసకొక్కటి మాత్రం తాడు కట్టి చివరి మిషను దగ్గర వేలాడదీశాడు. లేచి వెళ్ళొచ్చేలోగా పక్క మిషను మనిషి మరో కాలరు ముగిస్తుంది. అందుకే కాలర్ల వరుసంతా పళ్ళతోనే తెంపుతుంది. అందరికంటే నున్నగా కొరికే ఈ పిల్లకు "ఎలకమ్మ" అని పేరు పెట్టిందీ సూపర్‌వైజరే. తెల్ల చొక్కాల మీద నెత్తురు మరకలు కనబడ్డాక గోడమీద ఒక బోర్డు వెలిసింది: దారం కొరికినవారిని పనిలోంచి తీసివేస్తాం. బోర్డు వచ్చింది గానీ కత్తెరలు రాలేదు.

ఆ కళాశాల డాక్టరమ్మ మొదటిసారి వచ్చినప్పుడు అందరిచేతా గొట్టాల్లో ఉమ్మించి, చిగుళ్ళ కింద పేరుకున్న గారను గీకి తీసింది. "వాపు జాడలు ఉమ్ములో కలుస్తాయి. పొయ్యి ఆరితే పొగ తగ్గినట్టు, చిగురు మానితే అవీ తగ్గుతాయి," అని చెప్పింది. కొన్ని వారాల తరవాత మళ్ళీ ఉమ్ము పట్టుకెళ్ళింది. ఫలితాలు చెప్పడానికి ఈరోజు వచ్చింది.

"ఏమడిగినా తోముకుంటున్నానని చెప్పు. దారం మాటెత్తావో, ఇద్దరం రోడ్డున పడతాం," తల్లి చెవిలో గొణిగింది.

"సరేలే."

ముందున్న, బొత్తాలు కుట్టే అక్క తన ఫలితం విని వెనక్కి తిరిగి, "నా ఉమ్ము పాసయిందర్రా! చదువు అబ్బకపోయినా ఇదన్నా అబ్బింది," అంటూ నవ్వింది. వరుసంతా నవ్వింది. తల్లికి మాత్రం నవ్వు రాలేదు.

కూతురు కుర్చీలో కూర్చుంది. డాక్టరమ్మ నోట్లోకి చూసి, చిన్న పుల్లతో చిగురు తాకింది. నెత్తురు చిమ్మింది.

"గార లేదు. అయినా వాపు అలాగే ఉంది. ఉమ్ములోనూ జాడలు తగ్గలేదు. బొత్తాల వాళ్ళకి తగ్గింది, మడత వాళ్ళకి తగ్గింది. కాలర్ల వాళ్ళకి ఒక్కరికీ తగ్గలేదు. ఎందుకమ్మా?" ఆమె గొంతు తగ్గించింది. "లోపల ఎముక కరుగుతోంది. ఇలాగే సాగితే ఈ ముందు పళ్ళు నిలవవు."

గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడ్డ సూపర్‌వైజరు అందుకున్నాడు. "ఇళ్ళల్లో శుభ్రం తక్కువండీ. పళ్ళు తోముకోండర్రా అని మనం ఇళ్ళకెళ్ళి చెప్పగలమా?"

డాక్టరమ్మ అతనివైపు చూడలేదు. "నిన్నే అడుగుతున్నా. రోజంతా ఈ పళ్ళతో ఏం చేస్తున్నావు?"

కూతురు పెదాలు బిగించి తల్లివైపు చూసింది. వరుసలో నవ్విన వాళ్ళంతా నేల చూపులు చూశారు. కాలర్ల ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తల్లికి ఇంటద్దె గుర్తొచ్చింది, గోడమీది బోర్డు గుర్తొచ్చింది, ఇద్దరికీ ఒకేసారి పని పోయిన ఇల్లు కళ్ళకు కట్టింది. రేపు జరగబోయే కీడంతా ఆమె ఎప్పుడూ ఈరోజే చూసేస్తుంది. కానీ కూతురి పెదవి చివర నెత్తురు చుక్క రేపటిది కాదు.

డాక్టరమ్మ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు.

"రెండుపూటలా తోముతుందమ్మా. నేను దగ్గరుండి చూస్తాను," అంది తల్లి. "ఈ కాలర్ల వరుసంతా పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా దారం పళ్ళతో తెంపుతారు. నా పిల్ల ఇక తెంపదు."